టీనేజీ పిల్లలు, వార్తలు: పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

లోకంలో ఏం జరుగుతోందో పిల్లలకు తెలియాలని, తెలిసినదాని గురించి వాళ్లు సొంతంగా ఆలోచించాలని, అవసరమైనప్పుడు నోరు విప్పాలని కోరుకునే తల్లిదండ్రుల కోసం, టీచర్ల కోసం ఈ పేజీ. మా నమ్మకం ఒకటి ముందే చెప్పాలి. రోజూ వంద హెడ్డింగులు చూసి వదిలేసే పిల్లల కంటే, ఒక్క విషయాన్ని పట్టుకుని రెండు నెలలు దాని వెంటపడ్డ పిల్లలకే లోకం ఎక్కువ అర్థమవుతుంది. కింది జవాబులన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

పదకొండు, పన్నెండేళ్లకే మొదలుపెట్టవచ్చు. 13 దాటాక ఆగడంలో అర్థం లేదు. మనం చెప్పినా చెప్పకపోయినా ఫోన్లోంచో స్నేహితుల నోటి నుంచో వార్తలు వాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. వయసును బట్టి మారాల్సింది మనం అడిగే ప్రశ్న. 13, 14 ఏళ్లవాళ్లను ఏం జరిగింది, ఎక్కడ, ఎవరికి అని అడిగితే చాలు. 15, 16కి వచ్చేసరికి ఎందుకు జరిగింది, దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడగవచ్చు. 17 దాటినవాళ్లను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లండి: నువ్వయితే ఏం చేస్తావు, దానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఈ చివరి ప్రశ్నను పదమూడేళ్ల పిల్లల మీద రుద్దితే పెద్దలు విన్నవే అప్పజెప్పడం నేర్చుకుంటారు.

మా వాడికి వార్తలంటే అసలు ఆసక్తే లేదు. ఏం చేయాలి?

"బోర్" అంటున్నారంటే చాలాసార్లు "అర్థం కావడం లేదు" అని అర్థం. సీరియల్ 400వ ఎపిసోడ్ దగ్గర మొదలుపెడితే ఎవరికైనా విసుగే. వార్త రాసే విలేకరి ముందు కథ పాఠకుడికి తెలుసనుకునే రాస్తాడు, పిల్లలకు ఆ ముందు కథే తెలియదు. అందుకే ఏదైనా పెద్ద వార్త చేతికిచ్చే ముందు ఐదు నిమిషాలు వెచ్చించి మూడు సంగతులు చెప్పండి: ఇందులో ఉన్నవాళ్లెవరు, గొడవ దేని గురించి, ఎప్పటినుంచి నడుస్తోంది. మ్యాప్‌లో చోటు చూపించండి. తరవాత చదివిస్తే అదే వార్త పలుకుతుంది.

రెండో దారి వాళ్ల ఇష్టాల్లోంచి వెళ్లడం. వీడియో గేములు ఆడే పిల్లలకు 2021లో చైనా తెచ్చిన నిబంధన చూపించండి. 18 ఏళ్లలోపువాళ్లు శుక్ర, శని, ఆదివారాల్లో రాత్రి 8 నుంచి 9 వరకు, సెలవు రోజుల్లో ఒక గంట మాత్రమే ఆన్‌లైన్ గేములు ఆడాలన్నది ఆ నిబంధన. ప్రభుత్వానికి అంత అధికారం ఉండాలా అని అడిగి చూడండి, చర్చ దానంతటదే మొదలవుతుంది. ఫోన్ అంటే ప్రాణమైతే, దాని బ్యాటరీలోకి వెళ్లే కోబాల్ట్ అనే లోహంలో అత్యధిక భాగం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం గనుల నుంచి వస్తుంది. అక్కడి నుంచి అంతర్జాతీయ వ్యాపారం, కార్మికుల పరిస్థితి, యుద్ధం దాకా దారి ఉంది. ఆటలు ఇష్టమైతే స్టేడియం ఎవరి డబ్బుతో కడుతున్నారన్నది మంచి ప్రశ్న.

పనిచేయనిది ఒకటుంది. "పేపర్ చదువు, పనికొస్తుంది" అని పేపర్ మొత్తం చేతిలో పెట్టడం.

పోటీ పరీక్షల కోసం కరెంట్ అఫైర్స్ బిట్లు చదువుతోంది కదా, అది చాలదా?

చాలదు. బిట్లు చదివితే ఒప్పందం పేరు, సంతకాలు చేసిన తేదీ తెలుస్తాయి. ఆ ఒప్పందం ఎందుకు అవసరమైంది, ఎవరు వద్దన్నారు, అమలైందా లేదా అన్నవి తెలియవు. పరీక్షకు బిట్లు తప్పవు, చదవనివ్వండి. వారానికి ఒక్క బిట్‌ను ఎంచుకుని దాని వెనక కథను పూర్తిగా తవ్వమనండి. అలా తవ్విన బిట్టు ఏళ్ల తరవాత కూడా మర్చిపోరు.

రోజుకు ఎంతసేపు?

పదిహేను, ఇరవై నిమిషాలు. వారానికి నాలుగైదు రోజులు, సెలవు రోజున ఒక పెద్ద వ్యాసం. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. వేళ మాత్రం స్థిరంగా ఉండాలి, నిద్రకు ముందు గంటలో ఉండకూడదు. బ్రేకింగ్ న్యూస్ నోటిఫికేషన్లు ఆపేయండి. మొదటి గంటలో వచ్చే సమాచారం తరవాత తరచుగా మారిపోతుంది, ఆ గంట ఆగడం వల్ల పిల్లలు పోగొట్టుకునేది ఏమీ లేదు.

మోతాదు మించితే హాని కూడా ఉంది. 2013లో బోస్టన్ మారథాన్ మీద బాంబు దాడి జరిగాక అమెరికాలో ఒక పరిశోధన చేశారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్లలో తీవ్రమైన మానసిక ఒత్తిడి లక్షణాలు, దాడి జరిగిన చోట ఉన్నవాళ్లలో కంటే ఎక్కువగా కనిపించాయి. అదే దృశ్యాన్ని పదేపదే చూపించే టీవీ, ఆగకుండా జరిగే ఫీడు ఈ పని చేస్తాయి. ఒకసారి చదివి పక్కన పెట్టే అలవాటు వాటికి మంచి విరుగుడు.

ఎక్కడ చదవమనాలి?

మూడు రకాలు కలపండి. మొదటిది వార్తా ఏజెన్సీ. అసోసియేటెడ్ ప్రెస్ 1846లో, రాయిటర్స్ 1851లో పుట్టాయి. ఫ్రాన్స్ ఏజెన్సీ ఏఎఫ్‌పీ మూలాలు 1835 దాకా వెళ్తాయి. పరస్పరం పడని పత్రికలు కూడా వీటి దగ్గర వార్తలు కొనుక్కుంటాయి కాబట్టి అందరికీ పనికొచ్చేలా పొడిగా, విశేషణాలు తక్కువగా రాస్తాయి. రెండోది పిల్లలు ఉండే ప్రాంతపు సంగతులు రాసే పత్రిక. బస్సు రూటు, నీళ్ల సరఫరా, బడి నిధులు లాంటివి అందులోనే దొరుకుతాయి, పిల్లలు తామే అడగగలిగే, ఏదైనా చేయగలిగే అంశాలు అవే. మూడోది వారానికో పక్షానికో వచ్చే లోతైన వ్యాసం, లేదా అరగంట పాడ్‌కాస్ట్.

ఏ సంస్థనైనా నమ్మే ముందు రెండు సంగతులు చూడమనండి. రాసినవాళ్ల పేరు ఉందా? తప్పు జరిగినప్పుడు సవరణ వేస్తారా? సవరణలు కనిపిస్తే "వీళ్లు తప్పులు రాస్తారు" అని పిల్లలు అనుకుంటారు. తప్పులు అందరూ రాస్తారని, ఒప్పుకునేవాళ్లు కొందరేనని చెప్పాల్సింది మనమే.

పిల్లలకు రెండు భాషలు వస్తే ఒకే వార్తను రెండింటిలోనూ చదివించండి. ఏ వివరం ఒకచోట మాత్రమే ఉందో గుర్తించడం గొప్ప సాధన.

వార్తకూ అభిప్రాయానికీ తేడా ఎలా చెప్పాలి?

ఒక ప్రింటు, రెండు రంగుల పెన్నులు చాలు. సరిచూడగలిగిన ప్రతి వాక్యం కింద ఒక రంగు గీత, రాసినవాళ్ల తీర్పు ఉన్న ప్రతి మాట కింద ఇంకో రంగు. "మంత్రి మంగళవారం రాజీనామా చేశారు" అన్నది సరిచూడగలం. "గత్యంతరం లేక రాజీనామా చేశారు" అన్నప్పుడు "గత్యంతరం లేక" అనే మాటకు రెండో రంగు. సంపాదకీయంలో రెండో రంగు ఎక్కువుంటే తప్పు లేదు, అది దాని పని. వార్త పేరుతో వచ్చినదాంట్లో ఎక్కువుంటే జాగ్రత్తపడాలి. "ఆరోపించారు", "వెల్లడించారు", "ఒప్పుకున్నారు" అనే క్రియలను కూడా చూడమనండి. "అన్నారు" అని రాస్తే సరిపోయేచోట "ఒప్పుకున్నారు" అని రాస్తే తీర్పు ఇచ్చేసినట్టే.

ప్రకటనల సంగతి ఇంకా కష్టం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో విడుదల చేసిన అధ్యయనంలో, "స్పాన్సర్డ్ కంటెంట్" అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతానికి పైగా నిజమైన వార్త అనుకున్నారు. ఆ మాట చదివినవాళ్లలో కూడా కొందరికి దాని అర్థం తెలియలేదు. "ప్రాయోజిత కథనం", "అడ్వర్టోరియల్", "భాగస్వామ్య కథనం" లాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసి చదువుకునే బల్ల దగ్గర అంటించండి.

ఏదైనా నిజమో కాదో తేల్చడానికి పిల్లలకు ఏ పద్ధతి నేర్పాలి?

చాలామంది నేర్పేది పనిచేయదు. వెబ్‌సైట్ చూడడానికి బాగుందా, "మా గురించి" పేజీ ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా అని చూడమంటారు. మోసం చేసేవాళ్లు ఇవన్నీ సరిగ్గానే పెట్టుకుంటారు. స్టాన్‌ఫర్డ్‌లోనే సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే 10 మంది ఫ్యాక్ట్ చెకర్లకు, 25 మంది విద్యార్థులకు ఒకే వెబ్‌సైట్లు ఇచ్చి చూశారు. చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి చాలాసార్లు బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీని పట్టుకుని కూర్చోలేదు. కొత్త ట్యాబులు తెరిచి ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూసి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అతన్నే అడగం, ఇరుగుపొరుగును అడుగుతాం. ఇదీ అంతే.

ఇంట్లో సాధన చేయించే క్రమం ఇది:

1. ఆగు. కోపం, భయం, ఆనందం ఏదైనా గట్టిగా కలిగితే అదే ఆగాల్సిన గుర్తు. షేర్ బటన్ మీద వేలు పెట్టొద్దు.
2. కొత్త ట్యాబ్‌లో ఆ సంస్థ లేదా వ్యక్తి పేరు వెతుకు. వాళ్ల సొంత పేజీలు వదిలేసి మిగతావాళ్లు రాసింది చదువు.
3. అదే విషయం ఇంకో రెండు సంస్థలు సొంతంగా రాశాయా? ముగ్గురూ ఒకే ఏజెన్సీ వార్త వేసుకుంటే అది ఒక్కటే ఆధారం.
4. అసలు మూలం దాకా వెళ్లు. కోర్టు తీర్పు అంటే తీర్పు, నివేదిక అంటే నివేదిక, ప్రసంగం అంటే పూర్తి వీడియో.

మొత్తానికి రెండు, మూడు నిమిషాలు పడుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పుపడేది మూడో మెట్టు దగ్గర. పది చోట్ల కనిపించింది కాబట్టి నిజమే అంటారు. పది చోట్లా ఉన్నది ఒకే స్క్రీన్‌షాట్ అయి ఉంటుంది. "నిప్పు లేనిదే పొగ రాదు" అనే సామెత ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఆన్‌లైన్‌లో నిప్పు లేకుండానే పొగ పెట్టడం చాలా సులువు. ఒకే మాటను మళ్లీ మళ్లీ వింటే అది నిజమనిపించడం మనసు స్వభావమని 1977 నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లలకు ఈ సంగతి తెలిస్తే తమ మనసును తామే కనిపెట్టుకోగలుగుతారు.

తేలకపోతే "ఇంకా తేలలేదు" అని వదిలేయడం కూడా జవాబేనని నేర్పండి.

ఫొటోలు, వీడియోల సంగతేమిటి? ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది కదా?

ఏఐ బొమ్మల గురించి అందరూ భయపడుతున్నారు గానీ, పాత ఫొటోకు కొత్త అబద్ధం తగిలించడమే ఇంకా సులువైన మోసం. వరద నీళ్లు నిండిన రోడ్డు మీద ఈదుతున్న సొరచేప ఫొటో 2011లో ఐరీన్ తుఫానప్పుడు ప్యూర్టోరికోది అన్నారు, 2017లో హార్వే తుఫానప్పుడు హ్యూస్టన్‌ది అన్నారు. ఆ సొరచేపను వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించారు.

సరిచూసే విధానం: ఫొటోను సేవ్ చేసి, అదే ఫొటో ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ వేయాలి. టిన్‌ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా పేర్చుకోవచ్చు. చెప్పిన సంఘటన కంటే ముందే ఆ ఫొటో ఎక్కడైనా కనిపిస్తే కథ అక్కడితో ముగిసింది. వీడియో అయితే స్పష్టంగా ఉన్న మూడు, నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి వాటిని వెతకాలి. షాపుల బోర్డుల మీది భాష, వాహనాల నంబర్ ప్లేట్లు, నీడలు, మనుషుల బట్టలను బట్టి వాతావరణం చూడాలి.

వేళ్లు లెక్కపెట్టి ఏఐ బొమ్మను పట్టేయవచ్చనే చిట్కా మీద ఆధారపడొద్దు, ఆ లోపాలు నెలనెలా తగ్గిపోతున్నాయి. సంఘటన నిజంగా జరిగిందా అని చూడడం మేలు. 2023 మే నెలలో అమెరికా రక్షణ కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడు జరిగినట్టు ఒక ఏఐ బొమ్మ పాకి, షేర్ మార్కెట్ కూడా కాసేపు తగ్గింది. అలాంటి పేలుడేమీ జరగలేదని స్థానిక అగ్నిమాపక శాఖ ప్రకటించింది. బొమ్మలో లోపాలు వెతకడం కంటే ఆ ప్రకటన వెతకడం ఎంతో త్వరగా అయ్యే పని. అంత పెద్ద చోట పేలుడు జరిగితే ఒక్క ఫొటోనే ఎందుకుంది అన్నది కూడా మంచి ప్రశ్నే.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని కనిపిస్తే, ఆ మెసేజ్ కనీసం ఐదుసార్లు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపిన మేనత్తకో బాబాయికో అసలు సంగతి తెలిసే అవకాశం తక్కువ.

వార్తను ఏఐ చాట్‌బాట్‌ను అడిగి తెలుసుకుంటోంది. పరవాలేదా?

కష్టమైన మాట అర్థం అడగడానికి, నేపథ్యం తెలుసుకోవడానికి పరవాలేదు. ఈరోజు వార్త తెలుసుకోవడానికి వద్దు. 2025లో 18 దేశాల్లోని 22 ప్రజా ప్రసార సంస్థలు కలిసి పరీక్షిస్తే, వార్తల గురించి ఏఐ సహాయకులు ఇచ్చిన జవాబుల్లో 45 శాతంలో కనీసం ఒక పెద్ద లోపం కనిపించింది. ఆధారం తప్పుగా చూపడం అందులో ముఖ్యమైనది. ఇచ్చిన లింకును తెరిచి, ఆ వాక్యం అక్కడ నిజంగా ఉందో లేదో చూడాలన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి.

వార్తల్లో అంకెలు చూసి కంగారుపడుతున్నారు. ఎలా నేర్పాలి?

ఇది దాటవేయదగిన భాగం కాదు. పత్రికల్లో కనిపించే వాదనలు చాలావరకు అంకెల మీదే నిలబడతాయి, పడేదీ అక్కడే. లెక్కలు తొమ్మిదో తరగతి స్థాయికి మించవు.

"ప్రమాదం 50 శాతం పెరిగింది" అంటే వెంటనే అడగాల్సింది: ఎంత నుంచి ఎంతకు? వెయ్యి మందిలో ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగినా అది 50 శాతమే. అలాగే నిరుద్యోగం 4 శాతం నుంచి 5 శాతానికి చేరితే ఒకరు "ఒక శాతం పాయింటు పెరిగింది" అంటారు, ఇంకొకరు "25 శాతం పెరిగింది" అంటారు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరు ఏది ఎందుకు ఎంచుకున్నారన్నదే గమనించాలి.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయనుకోవడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటు. 100 ఉన్న వస్తువు 8 శాతం ద్రవ్యోల్బణంతో 108 అవుతుంది. మరుసటి ఏడు ద్రవ్యోల్బణం 5 శాతానికి "తగ్గితే" అది 113.40 అవుతుంది. పెరుగుదల నెమ్మదించింది, ధర దిగలేదు. కాగితం మీద పిల్లల చేతే లెక్క కట్టిస్తే ఇక మర్చిపోరు.

ఊళ్లను పోల్చేటప్పుడు జనాభాతో భాగించాలి. 20 వేల మంది ఉన్నచోట 4 కేసులంటే లక్షకు 20. పది లక్షల మంది ఉన్నచోట 100 కేసులంటే లక్షకు 10. హెడ్డింగులో 100 పెద్దగా కనిపిస్తుంది గానీ తీవ్రత మొదటి చోటే రెట్టింపు.

సర్వేల విషయంలో గుర్తుంచుకోదగ్గ కొలత: యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యి మందిని అడిగితే ఫలితం అటూ ఇటూ సుమారు 3 పాయింట్లు తేడాగా ఉండొచ్చు, 400 మందిని అడిగితే 5, వంద మందిని అడిగితే దాదాపు 10. కాబట్టి వెయ్యి మంది సర్వేలో ఒకరికి 46, ఇంకొకరికి 44 వస్తే ఎవరూ ముందున్నట్టు కాదు. అదే సర్వేలోంచి "18 నుంచి 24 ఏళ్లవాళ్లు ఇలా అంటున్నారు" అని తీస్తే, ఆ వయసువాళ్లు వంద మందే ఉండి ఉండవచ్చు. వెబ్‌సైట్‌లో ఎవరైనా నొక్కగలిగే పోల్‌కు ఈ లెక్క కూడా వర్తించదు. లక్ష మంది నొక్కినా వచ్చినవాళ్లెవరో తెలియదు.

గ్రాఫ్ చూసినప్పుడు నిలువు గీత సున్నా దగ్గర మొదలైందా అని చూడమనండి. కడ్డీల గ్రాఫ్ 90 దగ్గర మొదలైతే 92కీ 96కీ తేడా మూడు రెట్లుగా కనిపిస్తుంది.

ఒక్క విషయాన్నే వెంబడించడం అంటే ఎలా?

ఒక నోటు పుస్తకం, ఎనిమిది వారాలు. అంశాన్ని పిల్లలే ఎంచుకోవాలి, అది నడుస్తున్నదై ఉండాలి, కొత్త సంగతి కనీసం పది రోజులకోసారి వచ్చేదై ఉండాలి. "వాతావరణ మార్పు" చాలా పెద్దది, "ఈ నది మీద కట్టాలనుకుంటున్న ఆనకట్ట" సరైన కొలత. "అవినీతి" అనేది అంశమే కాదు, "ఫలానా కేసు విచారణ" అంశం.

పుస్తకంలో మొదటి పేజీలో పాత్రధారుల జాబితా: ఎవరెవరు, వాళ్లకు ఏం కావాలి. రెండో పేజీలో తేదీలవారీ పట్టిక. మూడో పేజీ అన్నిటికంటే విలువైనది: "నాకు ఇంకా తెలియనివి". ప్రతి వారం రెండు వార్తలు చదివి పట్టికలో ఒకటి రెండు పంక్తులు చేర్చాలి, మూడో పేజీలో జవాబు దొరికినవి కొట్టేయాలి, కొత్తగా పుట్టినవి రాయాలి. నాలుగో వారం చివర ఒక ఊహ రాయించండి: తరవాత ఏం జరుగుతుంది, ఆ ఊహ మీద నమ్మకం ఎంత, పదికి ఎన్ని? ఎనిమిదో వారంలో దాన్ని తెరిచి చూడాలి. ఊహ తప్పినప్పుడు ఏ సంగతి తెలియక తప్పిందో వెతకడంలోనే అసలు చదువుంది.

మూడో వారంలో చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఆ వారం కొత్త వార్త రాదు. అప్పుడు పాత వార్తల్లోకి పంపండి: ఇదే గొడవ పదేళ్ల కింద ఎలా ఉండేది? అప్పుడు ఇచ్చిన మాటలు నిలబడ్డాయా?

ముగింపులో వ్యాసం రాయమనకండి. ఇంట్లో ఎవరికైనా ఐదు నిమిషాల్లో నోటితో చెప్పమనండి. విన్నవాళ్లు అడిగే మొదటి మూడు ప్రశ్నలకు జవాబు వస్తే పని జరిగినట్టే.

యుద్ధాలు, దారుణాలు చూసి భయపడుతోంది. దాచిపెట్టాలా?

దాచితే ఊహలు ఇంకా భయపెడతాయి. ముందు మీరు మాట్లాడకండి, అడగండి: "దీని గురించి నువ్వేం విన్నావమ్మా?" విన్నదాంట్లో తప్పులుంటే సరిచేయండి. జరిగినదాన్ని సూటిగా, రెండు వాక్యాల్లో చెప్పండి. "ఏం కాదులే" అనకండి, అది మీ చేతిలో లేని హామీ. దూరం, సంభావ్యత, రక్షణకు ఎవరు ఏం చేస్తున్నారు అన్నవి చెప్పండి. వీడియోలు వద్దు, చదివితే చాలు. అక్షరాలు గుర్తుండేదాని కంటే దృశ్యాలు ఎక్కువ వెంటాడతాయి.

నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, బడికి వెళ్లనని మొండికేయడం, ఒకే ప్రశ్నను పదేపదే అడగడం రెండు వారాలకు మించి సాగితే మానసిక వైద్యుల సలహా తీసుకోండి.

రీల్స్, షార్ట్స్ లోంచే వార్తలు తెలుసుకుంటున్నాడు. మాన్పించాలా?

పూర్తిగా మాన్పించడం సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. ఒక నియమం పెట్టండి: రీల్ ప్రశ్నకు మొదలు కావచ్చు, జవాబు కాకూడదు. వారానికి ఒక రీల్ తీసుకుని ఇద్దరూ కలిసి పైన చెప్పిన నాలుగు మెట్లూ ఎక్కండి. ఫీడు ఒకే వైపు వంగిపోతే సెట్టింగ్‌లలో చూసిన చరిత్ర తుడిచేయవచ్చు, "ఆసక్తి లేదు" అని నొక్కవచ్చు. ఇద్దరి ఫోన్లలో ఒకే పేరు వెతికి ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫీడు తనకోసం అల్లినదని పిల్లలకు అప్పుడు కళ్లకు కడుతుంది.

తప్పుడు వార్తను షేర్ చేసేశాడు. తిట్టాలా?

వద్దు. తిడితే తరవాత దాచుకుంటారు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తలను పరిశీలించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, నిజం కంటే అబద్ధాన్ని మళ్లీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అలా పంచింది ముఖ్యంగా మనుషులే, యంత్రాలు కావు. కొత్తగా, ఆశ్చర్యంగా ఉన్నదాన్ని నలుగురికి చెప్పాలనిపించడం సహజం.

దిద్దుకునే పద్ధతి నేర్పండి. తొలగించి ఊరుకోకుండా, పంపిన చోటే రెండు వాక్యాలు రాయాలి: ముందు నిజం ఏమిటో, తరవాత "నేను పంపింది తప్పు, ఆధారం ఇది" అని. అబద్ధాన్ని మళ్లీ పూర్తిగా రాయకూడదు, అదే గుర్తుండిపోవచ్చు. మీరు తప్పు ఫార్వర్డ్ చేసిన రోజున ఇలాగే చేసి చూపించగలిగితే వంద పాఠాల పెట్టు.

రాజకీయాల్లో మా అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడుతోంది.

ఆలోచిస్తోందన్నమాట. ఓపిక పట్టండి. ఇంట్లో వాదనకు ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఎదుటివాళ్ల వాదనను వాళ్లు "అవును, నేనన్నది ఇదే" అనేలా తిరిగి చెప్పాకే మన జవాబు మొదలుపెట్టాలి. మీకూ ఇదే వర్తిస్తుంది. "ఏ సంగతి తెలిస్తే నీ అభిప్రాయం మారుతుంది?" అని అడగండి, అదే ప్రశ్నకు మీరూ జవాబు చెప్పండి. ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోతే అక్కడ నడుస్తున్నది సమాచారం గురించిన వాదన కాదు, విలువల గురించినది. అప్పుడు అంకెలు విసురుకుని లాభం లేదు, దేన్ని ఎందుకు ముఖ్యమనుకుంటున్నారో చెప్పుకోవాలి.

ఓటు లేని పిల్లలు చదివి ఏం చేయగలరు?

ఓటు సంగతి ముందు చూద్దాం. బ్రెజిల్‌లో 1988 నుంచి, ఆస్ట్రియాలో 2007 నుంచి, అర్జెంటీనాలో 2012 నుంచి 16 ఏళ్లకే ఓటు వేయవచ్చు. స్వాతంత్ర్యం గురించి 2014లో స్కాట్లాండ్‌లో జరిగిన రెఫరెండంలో 16, 17 ఏళ్లవాళ్లు ఓటేశారు. మిగతాచోట్ల కూడా పిల్లలకు మాట ఉంది: 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును పిల్లలకు ఇచ్చింది. 17వ అధికరణం వాళ్లకు సమాచారం అందాలంటుంది.

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో మెలాతి, ఇసబెల్ విజ్సెన్ అనే అక్కాచెల్లెళ్లు 2013లో 12, 10 ఏళ్ల వయసులో ప్లాస్టిక్ సంచుల మీద ఉద్యమం మొదలుపెట్టారు. 2019లో ఆ ద్వీపంలో వాటిపై నిషేధం వచ్చింది. వాళ్లు అడిగింది గమనించండి: ఒక ద్వీపం, ఒక వస్తువు. "కాలుష్యం ఆపండి" అని ఉంటే ఎవరిని నిలదీయాలో తెలిసేది కాదు.

మొదటి ప్రయత్నానికి ఉత్తరం మంచిది. 200 మాటలు మించకూడదు. మొదటి వాక్యంలో తామెవరో, రెండో వాక్యంలో ఏం కావాలో. తరవాత సొంతంగా లెక్కపెట్టిన ఆధారం ఒకటి: రెండు వారాలు ఉదయం ఎనిమిదింటికి బస్సు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రాసిన పట్టిక లాంటిది. చివర ఎప్పటిలోగా జవాబు ఆశిస్తున్నారో. ఎక్కువ ఉత్తరాలు పోయేది రెండు కారణాలవల్ల: ఆ పని చేసే అధికారం లేనివాళ్లకు రాయడం, ఒకే ఉత్తరంలో ఐదు కోరికలు కోరడం. అధికారం ఎవరిదో కనుక్కోవడానికే వారం పట్టవచ్చు. ప్రభుత్వం ఎలా నడుస్తుందో పాఠ్యపుస్తకం కంటే ఆ వారమే బాగా నేర్పుతుంది.

మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయాలి. అప్పటికీ రాకపోతే పత్రిక సంపాదకుడికి లేఖ, లేదా సమాచార హక్కు చట్టం ఉన్నచోట దరఖాస్తు. 1766లో స్వీడన్‌తో మొదలైన ఈ చట్టాలు ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉన్నాయి. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే తప్పించుకుంటారు. "ఈ పనికి ఫలానా సంవత్సరంలో ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది?" అని అడిగితే కాగితం ఇవ్వాల్సి వస్తుంది. దరఖాస్తుకు వయసు నిబంధన ఉందేమో ముందే చూసుకోండి, ఉంటే పెద్దల పేరుతో వేయాలి.

సోషల్ మీడియాలో అభిప్రాయం రాస్తానంటున్నాడు.

రాయనివ్వండి, కొన్ని జాగ్రత్తలతో. ప్రొఫైల్‌లో బడి పేరు, ఇంటి పరిసరాలు, పుట్టినరోజు ఉండకూడదు. రాసింది పోస్ట్ చేసే ముందు ఒక రాత్రి ఆగాలి. మనుషుల పేర్లు పెట్టి ఆరోపణలు చేయకూడదు, చాలా దేశాల్లో పరువునష్టం చట్టాలు పిల్లల పోస్టులకూ చిక్కులు తెస్తాయి. బెదిరింపు వస్తే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేసి, మీకు చూపించాలి. చూపిస్తే ఫోన్ లాగేసుకోరన్న భరోసా ముందే ఇవ్వండి. ఆ భరోసా లేకనే చాలామంది పిల్లలు చెప్పరు.

బడిలో 40 నిమిషాల పీరియడే ఉంది. ఎలా నడపాలి?

ఒకే వార్త, 400 మాటలు మించనిది. మొదటి 5 నిమిషాలు నేపథ్యం, మ్యాప్. 8 నిమిషాలు మౌనంగా చదవడం. తరవాత 7 నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చుని "ఇందులో లేనిది ఏమిటి? ఎవరి గొంతు వినపడలేదు?" అని మాట్లాడుకోవడం. 15 నిమిషాలు తరగతి చర్చ. చివరి 5 నిమిషాలు ఒక చీటీ మీద ఇంకా తెలుసుకోవాలనుకున్న ఒక ప్రశ్న రాసి ఇవ్వడం. తరవాతి వారం ఆ చీటీల్లోంచే మొదలుపెట్టండి.

చర్చలో నలుగురే మాట్లాడితే, ప్రతి ఒక్కరికీ రెండు గింజలో గుండీలో ఇవ్వండి. మాట్లాడినప్పుడల్లా ఒకటి బల్ల మీద పెట్టాలి, అయిపోతే వినాలి. టీచరు తన పార్టీ ఏదో చెప్పకూడదు. కానీ నిరూపితమైన వాస్తవాన్ని "రెండు వైపులా వాదన ఉంది" అని చర్చకు పెట్టకూడదు. టీకాలు పనిచేస్తాయా అన్నది చర్చాంశం కాదు, టీకాలు తప్పనిసరి చేయాలా అన్నది చర్చాంశం.

పరీక్షలప్పుడు నెల రోజులు ఆగిపోతే?

ఏమీ కాదు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పోగుపడ్డ వార్తలన్నీ చదవొద్దు. నోటు పుస్తకం తెరిచి "నాకు ఇంకా తెలియనివి" పేజీలో పైన ఉన్న ప్రశ్నను తీసుకుంటే సరిపోతుంది.